రెండు చేతులతో

దుబాయ్‌లో లిఫ్టులు బిగించే మా కంపెనీ 2006లో నన్నూ, నాతో పనిచేసే సాయన్ననూ శిక్షణకు జపాన్ పంపింది. సెలవునాడు క్యోటో పాత వీధుల్లో ఫోటోలు తీసుకుంటూ తిరిగాం. నల్లటి చెక్క ఇల్లొకటి ముచ్చటగా కనిపిస్తే కెమెరా నొక్కాను. లోపలి నుంచి పోలీసు బయటికొచ్చాడు. అది పోలీసు చౌకీ!

"ఖలాస్! దుబాయ్‌ల గిట్ల తీస్తే జైలే. ఎందుకు తీసినవ్ రా?" అన్నాడు సాయన్న.

పోలీసు తల వంచి, "పాస్‌పోర్ట్, ప్లీజ్" అన్నాడు. ఇస్తే మళ్లీ చేతికొస్తుందా? దుబాయ్‌లో దిగిన రోజే కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, దాన్ని తీసుకుని బీరువాలో పెట్టేశాడు. నాలుగేళ్ల తర్వాత ఈ ప్రయాణం కోసమే బయటికి తీశాడు. చెమట పట్టిన చేత్తో అందించాను.

పోలీసు వీసా చూశాడు. పాస్‌పోర్టు మూసి, రెండు చేతులతో పట్టుకుని, వంగి నాకే తిరిగిచ్చాడు. ఫోటో మాటే ఎత్తలేదు.

"అరే, ఇచ్చిండు రా!" అన్నాడు సాయన్న, నమ్మలేనట్టు.

దుబాయ్ తిరిగొచ్చిన మర్నాడే ముదీర్ ఆఫీసుకు పిలిచాడు. ఫోన్లో మాట్లాడుతూనే, నా వైపు చూడకుండా ఎడమ చెయ్యి చాపాడు. పాస్‌పోర్టును రెండు చేతులతో పట్టుకున్నాను. ఇవ్వడానికో, ఇవ్వకుండా ఉండడానికో నాకే తెలియలేదు.