రెండు కిలోల బొటనవేలు

మా డాక్టరుగారు ఇక లేరు. ఈ పొద్దున్నే ఆయనింటి నుంచి కబురొచ్చింది. "అదేంటి, నిన్న సాయంత్రం నాతో నవ్వుతూ మాట్లాడారుగా!" అని కబురు తెచ్చినవాళ్ల మీదే అరిచాను. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

తిరువూరులో ఆయన దగ్గర తొమ్మిదేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. ఒళ్లునొప్పులతో వచ్చినవాళ్లందరికీ ఆ బల్ల మీది స్ప్రింగు త్రాసు గుర్తుండే ఉంటుంది. వీశెలు పోయి కిలోలు వచ్చినప్పుడు కొన్నదట. రోజూ రాగానే దాని పళ్లెం మీద బొటనవేలు ఆనించి, ముల్లు రెండు కిలోల గీతకి వచ్చేదాకా నొక్కేవారు. తర్వాత కళ్లు మూసుకుని మళ్లీ. "కోపమొస్తే ఒకలా, ఆకలేస్తే ఒకలా నొక్కితే రోగి నొప్పి ఎంతో మనకేం తెలుస్తుందమ్మా?" అనేవారు. నా చేతా నొక్కించేవారు. ఓసారి విసుగొచ్చి, "నేను నర్సునా, కూరగాయలమ్మేదాన్నా సార్?" అన్నాను. పడీ పడీ నవ్వారు. మర్నాడు మళ్లీ నొక్కించారు.

పెనుగొలను నుంచి నాట్లు వేసే ఒకావిడ నడుం నొప్పితో వచ్చింది. ముందు నొప్పిలేని పక్క నొక్కారు, తర్వాత రెండో పక్క. "ఏం లేదయ్యా" అంటోంది. ఆయన నాకు ఆమె కాలివేళ్లు చూపించారు. ముడుచుకుపోయి ఉన్నాయి. "ఓర్చుకోలేనప్పుడు కాదమ్మా, నొప్పి మొదలవగానే చెప్పాలి" అన్నారు ఆమెతో. ఆమె ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. మనిషి మాటతో పాటు ఒంటినీ వినడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

"నొక్కినా పెరగని నొప్పి కండది కాదు, లోపల వెతకాలి." ఇదీ ఆయన మాటే. ఎంతమందికి చెప్పారో!

నిన్న ఎడమ భుజం లాగుతోందన్నారు. "బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, గాలి కొట్టినట్టుంది. కాస్త నొక్కి చూడు." కుడి భుజం నొక్కాను, ఎడమది నొక్కాను. "రెండూ ఒకటేనమ్మా. నొక్కినా ఏం పెరగలేదు" అన్నారు. హమ్మయ్య అనుకున్నాం. అవునండీ, ఇద్దరం హమ్మయ్య అనుకున్నాం! లోపల వెతకాలన్న ఆ మాట ఆయనకీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు. కాపడం పెట్టుకోండి సార్ అని ఇంటికి పంపేశాను. గుండెట. తెల్లారేసరికి పోయారు.

ఇందాక గది తాళం తీసి త్రాసు ముందు నిలబడ్డాను. ఏడుస్తూనే పళ్లెం మీద బొటనవేలు ఆనించాను. కళ్లు మూసుకుని నొక్కాను. తెరిచి చూస్తే ముల్లు సరిగ్గా రెండు దగ్గరే ఉంది. వేలు తీయబుద్ధి కాలేదు.