ఐదుగురి ఇన్సులిన్

ఆ మధ్యాహ్నం అమీర్‌పేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నామె ఒడిలో ఒక ఫ్లాస్కు పెట్టుకుంది. మెడలోని టేపు చూసి టైలరనుకున్నాను. దాహంగా ఉండి, కొంచెం నీళ్లిస్తారా అని అడిగాను.

ఆమె నవ్వింది. "నీళ్లు కాదక్కా, ఇన్సులిన్. చల్లగుండాలె గద. మా కుట్టు షాపుల ఐదుగురికి షుగర్. నెలనెలా తలా ఇంత వేసుకొని అందరికీ ఒక్కసారే కొంటం. గట్లయితే జర తక్కువకిస్తరు."

"ఎవరైనా వేయలేకపోతే?" ఆసక్తి ఆపుకోలేక అడిగాను.

"గీ నెల ఒకామె వెయ్యలే. బిడ్డకు జ్వరమొస్తే ఉన్నదంతా దవాఖానకే అయింది. సూది మానేస్తనన్నది. మిగిలిన నలుగురు మస్తు కొట్లాడి, ఆమె వంతు సుత వాళ్లే వేసిన్రు."

"మరి తీసుకుందా?"

"పైసలియ్యకుండ ఊకెనే తీసుకోనన్నది. అందరి మందులు నేనే పోయి తెస్తనన్నది."

అంటూనే ఆమె చూపు ఫ్లాస్కు మీదికి దించుకుంది. ఆ ఒకామె ఎవరో నాకప్పుడు అర్థమైంది.

పంజాగుట్ట వచ్చింది. తలుపు దాకా జనం కిక్కిరిసి ఉన్నారు. ఆమె ఫ్లాస్కును గుండెకు హత్తుకుని లేచింది. బస్సులో ఎన్నడూ గొంతెత్తని నేను కూడా లేచి నిలబడి అరిచాను.

"జర దారివ్వండి, ఐదుగురి మందులున్నాయి!"