రీడింగ్ రూములో మర్సెయ్

ఎస్టేటు రద్దయి, మా దివాణం గుడివాడ మిల్లువాళ్ల ధాన్యం కొట్టుగా మారాక, మాకంటూ మిగిలిన గౌరవం ఒక్కటే. బందరు రీడింగ్ రూములో సాయంత్రంపూట ఇంగ్లీషు పేపరు చూసి, వార్తలు తెలుగులో పైకి చెప్పేది నేను. అరుగు నిండా జనం చేరేవారు. మా తాతగారు ఇంగ్లీషు దొరను ఇంట్లో పెట్టి నాకు చదువు చెప్పించారు. విదేశీ పేర్లు నాలాగ పలికేవాడు జిల్లాలో లేడని నా నమ్మకం.

ఆ రోజు ఫ్రాన్సు రేవులో కూలీల సమ్మె వార్త. "మార్సేల్స్" అన్నాను, కంచు మోగినట్టు.

"మర్సెయ్ అండీ" అంది వెనకనుంచి ఒక గొంతు.

కృత్తివెన్ను ముసలాయన. ఇరవై ఏళ్లు ఓడల్లో పనిచేసి, బందరులో చేపలమ్మే కూతురి దగ్గర ఉంటున్నాడు. అందరూ సరంగు అనేవారు.

నా కుర్చీ మీద ఎప్పటినుంచో కన్నున్న ప్లీడరు గుమాస్తా పకపకా నవ్వాడు. "బాబుగారూ, రేపట్నించి సరంగు చేతే చదివిద్దామా ఏవిటి?"

నా చెవులు కాలిపోయాయి. ఆ కుర్చీ కూడా పోయిందనుకున్నాను. సముద్రంలో చేపలవేటకెళ్లేవాళ్లను 'ఏరా' అని తప్ప పిలిచిన వంశం కాదు మాది. "ఏదీ, మళ్లీ అను" అని గద్దించాను.

"మర్సెయ్."

'ర' గొంతు లోతులోంచి గరగరలాడుతూ వచ్చింది. చివర ఎక్కడా తెగకుండా మెత్తగా జారిపోయింది. ఒళ్లు ఝల్లుమంది. ఇన్నేళ్లూ అచ్చులో చూసిన ఊరు ఎదుటికొచ్చి నిలబడినట్టయింది.

"ఇంకొక్కసారి అనండి!"

సరంగు వెనక్కి తిరిగి చూశాడు. "నన్నేనా బాబూ?"

"మిమ్మల్నే. ఇటొచ్చి కూర్చోండి."

బీరువాలోంచి అట్లాసు లాగి ముందు పరిచాను. వేలు పెట్టి ఊరు చదివి చూపిస్తే ఆయన సరిచేసేవారు. లె ఆవ్ర్. వల్పరయీసో. బ్వేనోస్ ఐరెస్.

"మరి సమ్మె ఏవైందండీ?" గుమాస్తా విసుక్కున్నాడు.

"ఆగవయ్యా!"

మర్సెయ్ నాకు మూడుసార్లు తప్పింది. సరంగు మొహమాటం లేకుండా మూడుసార్లూ తల అడ్డంగా ఊపారు. నాలుగోసారి మోకాలి మీద చరిచి, "అద్గదండీ బాబూ!" అన్నారు.

అప్పుడు సమ్మె వార్త మొదటినుంచి మళ్లీ చదివాను, ఆ పేరు వచ్చిన ప్రతిచోటా గొంతు పెంచి.