అంజూర కొమ్మలో పచ్చరంగు

డిసెంబరు చలికి మా బాల్కనీ కుండీలోని అంజూర చెట్టు ఆకులన్నీ రాల్చేసింది. గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా ఉంది.

చిన్నప్పుడు మద్రాసు వదిలి ఫిల్మ్ నగర్ వచ్చినప్పుడు, అమ్మ ఇలాంటి చెట్టునే రంగు డబ్బాలో పెట్టుకుని తెచ్చుకుంది. ఇక్కడి తొలి చలికాలానికే అది మోడైంది.

నాన్న సినిమా సెట్లు వేసేవాడు. నరికిన కొమ్మలు పాతడం, అవి వాడిపోతే పచ్చరంగు కొట్టడం, షూటింగ్ అయ్యాక పారేయడం, నాన్నకు తెలిసిన తోటపని అదే.

"చచ్చిన చెట్టు గుమ్మం ముందెందుకే?" అన్నాడు.

"ఎండలు రానివ్వండి, చూద్దాం," అంది అమ్మ.

నాన్న ఆగలేదు, పీకి పారేశాడు. విరిగిన కొమ్మలో పచ్చదనం నాకు కనిపించింది. నాన్న కొట్టిన రంగే అనుకున్నాను.

అమ్మ మాత్రం ఉగాది దాకా ఆ డబ్బాలోని ఉత్త మట్టికి నీళ్ళు పోస్తూనే ఉంది. ఏ వేరైనా మిగిలిందనుకుందేమో. ఏమీ మిగల్లేదు.