గొట్టాల హారం

మెక్సికోలోని టాస్కో ఊళ్లో మా పక్కింటి ఒబ్దూలియా వెండి నగలు సొంతంగా రూపొందిస్తుంది. కొండమీది మా ఇళ్లకు ట్యాంకరు నీళ్లు తెచ్చే రబ్బరు గొట్టాలు గోడల మీద మెలికలు తిరిగి ఉంటాయి. వాటిని చూసే ఆమె అలాంటి మెలికలతో ఒక వెండి హారం చేసింది.

రాజధాని నుంచి వచ్చిన వ్యాపారి దాన్ని చూసి పెదవి విరిచాడు.

"ఇందులో మెక్సికో ఏదమ్మా? నాలుగు పుర్రెలు తగిలించు, ఎగబడి కొంటారు."

ఒబ్దూలియా ముఖం జేవురించింది.

"పోయినవాళ్లను తలుచుకునే ఆ పుర్రెల పండగ ఏడాదికోసారయ్యా! మా అమ్మ రోజూ ఈ గొట్టం పట్టుకుని ట్యాంకరువాడితో పోట్లాడుతుంది. నేను చూసిందే నేను చేస్తా. నువ్వడిగే మెక్సికోని విమానాశ్రయంలో అమ్ముతారు, పోయి కొనుక్కో!"

అతను వెళ్లిపోయినా ఆమె కోపం చల్లారలేదు. ఆ హారం తన మెడలోనే వేసుకుని శనివారం వెండి సంతలో కూర్చుంది. ఎదురంగడి తోమాసా వంగి చూసింది.

"ఓసి నీ దుంపతెగ, ఇది మా డాబా మీది గొట్టమేనే! నాకూ ఒకటి చెయ్యి."