ఇంకా కట్టని వైద్య కళాశాలకి ఒక శనివారం

ఈ ప్రయాణానికి కారణం మా రజని మెడ. సింగపూర్‌లోని హౌగాంగ్‌లో నేనూ, గుంటూరు నుంచి వచ్చిన రజనీ ఒకే గదిలో అద్దెకుంటున్నాం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఆ బుధవారం పొద్దున్న తనకి మెడ పట్టేసింది. కాఫీ గ్లాసు అందుకోవాలన్నా మనిషి మొత్తం తిరగాల్సి వస్తోంది. కుర్చీలో కూర్చోబెట్టి మెడ వెనక వేళ్ళు పెట్టాను. కాసేపటికి వదులైంది. "ఒసేయ్, ఇంత పని చేతిలో పెట్టుకుని ఆ బ్యాంకువాళ్ళ స్క్రీన్ మీద బటన్లు నొక్కుతూ కూచుంటావేంటే?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నా నవ్వు మాత్రం ఆఫీసుకెళ్ళే దారిలోనే అయిపోయింది.

నేను చదివింది ఫిజియోథెరపీ, విజయవాడలో. చదువు పూర్తయ్యేసరికి ఎవర్ని కదిపినా కంప్యూటర్ మాటే. అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేశాను, ఆ వెనకే సింగపూర్. జీతం బావుంది, ఏసీ బావుంది. చేతుల్తో పట్టి చూడ్డానికి మనిషి లేకపోవడం ఒక్కటే బాలేదు. రజని మెడ బాగైన మర్నాడే పేపర్లో ఒక ప్రకటన కనపడింది. పడమటి వైపున్న ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం కొత్తగా ఆస్టియోపతీ వైద్య కళాశాల పెట్టబోతోందట, వివరాలు చెప్పే సభకి శనివారం ఎవరైనా రావచ్చట. సోమవారంలోగా నేను ఆఫీసులో రెండేళ్ళ కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాలి. పెడితే మధ్యలో కదలడానికి ఉండదు. మొదటి బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుంది, అందులో నాలాంటిదానికి చోటుంటుందా? ఈ రెండూ తెలుసుకుందామనే బయల్దేరాను.

హౌగాంగ్ నుంచి ఊదా రంగు లైను రైలెక్కి ఔట్రమ్ పార్క్‌లో దిగి, ఆకుపచ్చ లైనుకి మారి పడమటికి వెళ్తే బూన్ లే. ఎనిమిదింటికి ఎక్కితే తొమ్మిదింబావుకి దిగాను. కార్డులోంచి రెండు డాలర్లు కూడా పోలేదు. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, రైలు నేల మీదకొచ్చాక చూడ్డానికి బావుంటుంది. కిటికీల్లోంచి వెదురు కర్రలు బయటికి చాచి బట్టలారేసిన ఫ్లాట్లు, తర్వాత ఫ్యాక్టరీలు, ఓడల్లోకెక్కే డబ్బాల గుట్టలు. ఎదురు సీట్లో ఓ ముసలావిడ ఎడమ భుజం కిందికి వాల్చుకుని కూర్చుంది. సంచీ ఎప్పుడూ అటే మోస్తుంది కాబోలు. నాకిదో జబ్బు, మనుషుల మొహాలకంటే ముందు భుజాలు చూస్తాను.

స్టేషన్ దగ్గర హాకర్ సెంటర్లో ఒక ప్లెయిన్ పరాటా, ఒక టీ తీసుకున్నాను. ఆ రెంటితోనే మధ్యాహ్నందాకా ఆకలి తెలీలేదు. పరాటా కొట్టే తమిళాయన పిండిని గాల్లోకి విసురుతూనే, "ముందు టేబుల్ చోప్ చెయ్యి, తర్వాత ఆర్డరు" అని కసిరాడు. కొత్తగా వచ్చేవాళ్ళ కోసం చెప్తున్నాను, ఖాళీ టేబుల్ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెడితే అది మీదే. దాన్నే ఇక్కడ చోప్ అంటారు. మీరు తిరిగొచ్చేదాకా ఎంత గుంపున్నా ఎవరూ దాన్ని ముట్టుకోరు.

అక్కణ్ణించి విశ్వవిద్యాలయానికి బస్సుంది గానీ శనివారం చాలాసేపు ఆగాలి, అందుకని టాక్సీ ఎక్కాను. అయిదు డాలర్లు దాటలేదు. ఫోన్లో రజనితో మాట్లాడి పెట్టేయగానే డ్రైవర్ అద్దంలోంచి చూసి, "తెలుగమ్మాయివా? మకాన్ అయిందా?" అన్నాడు. ఇక్కడ అన్నం తిన్నావా అని అలాగే అడుగుతారు. ఆయన రామయ్య అంకుల్. తాతది శ్రీకాకుళం పక్క, ఈయన పుట్టింది పక్కనున్న మలేషియాలో, జోహోర్ రబ్బరు తోటల్లో.

"శనివారం ఏం చదువమ్మా?"

"కొత్తగా డాక్టర్ల కాలేజీ పెడుతున్నారంకుల్. ఎముకలూ కండరాలూ చేతుల్తో పట్టి చూసి..."

"ఉరుత్! మా ఆవిడ చేస్తాది అది."

"మాలిష్ కాదంకుల్. మందులూ రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు. అమెరికాలో వీళ్ళు పూర్తి డాక్టర్లే. చేతుల వైద్యం దాంతోపాటు."

"అంటే డాక్టరూ ఉరుతూ ఒకే ఫీజా?" అన్నాడు. ఆ వెంటనే, "ఈ రోజు ఫ్రీయా?"

ఫ్రీయే అన్నాను. మీటరు ఆపేసి, కారు పార్క్ చేసి, కుడి భుజం రుద్దుకుంటూ నాతోపాటే వచ్చేశాడు.

కళాశాల రాబోయే చోట ఓ పెద్ద బోర్డుంది. దాని మీద గాజు భవనం బొమ్మ, వెనకంతా ఎర్రమట్టి. సభ మాత్రం పక్కనున్న పాత భవనంలో జరిగింది. హాల్లో వరసగా పరీక్ష బల్లలు, ఒక్కోదాని మీద ఒక్కో టిష్యూ ప్యాకెట్. యాభై మందిమి వచ్చి ఉంటాం. అందరం గోడ వారగా నిలబడ్డాం, ఒక్కరూ బల్ల దగ్గరికి వెళ్ళలేదు. నాకైతే ప్రాణం ఉసూరుమంది. ఇంత దూరం వచ్చి వెనకబడ్డాను, చోట్లన్నీ ముందొచ్చినవాళ్ళు పట్టేశారు అనుకున్నాను.

కొత్త కళాశాల నిలబెట్టడానికి అమెరికా నుంచి వచ్చి ఇంకా నెల కాని ప్రొఫెసరమ్మ లోపలికొచ్చి, ఖాళీ బల్లల్నీ గోడకంటుకున్న మమ్మల్నీ చూసి తెల్లబోయింది. "ఎవరూ రారేం? భయమా?"

నా పక్కనున్న చైనీస్ ఆంటీ, "అన్నీ చోప్ అయిపోయాయి లా!" అంది నిష్ఠూరంగా, ఇక్కడి అలవాటుగా చివర లా తగిలించి.

"ఆ టిష్యూలు ఎవరివండీ?" అనడిగాను.

"నావే. చేతులు తుడుచుకోవడానికి పెట్టాను."

"అన్నీనా?"

"అన్నీ."

"ఒక్క మనిషికి ఇన్ని టేబుల్సా!" అన్నాడు రామయ్య అంకుల్ తెలుగులో. నేను అదే ఇంగ్లీషులో చెప్పేసరికి హాలంతా ఘొల్లుమంది. ఆవిడకి విషయం అర్థమై తనూ నవ్వే లోపలే అంకుల్ చెప్పులు విప్పేసి మొదటి బల్లెక్కి బోర్లా పడుకున్నాడు. "రామ్మా, చూడు" అన్నాడు, నేనే డాక్టరైనట్టు.

ఈ చదువులో విద్యార్థులు మొదటి వారం నుంచే జంటలుగా ఒకరి మీద ఒకరు నేర్చుకుంటారట, సగంమంది వైద్యులు, సగంమంది రోగులు, కాసేపయ్యాక తారుమారు. అంకుల్ భుజాల మధ్య అరచేతులు ఆన్చాను. నాకు అలవాటైన పద్ధతిలో నొక్కబోతుంటే ప్రొఫెసరమ్మ నా చేతుల మీద తన చేతులు పెట్టి, "ఆగండి. ఆయన్ని ఊపిరి తీసుకోనివ్వండి" అంది. ఆగాను. ఊపిరికి ఎడమవైపు లేస్తోంది, కుడివైపు రెక్క కింద ఒకచోట లేవడం లేదు. చెప్పాను. ఆవిడ తడిమి చూసి తలూపింది, చెయ్యి ఎలా ఆన్చాలో చూపించింది. కాసేపటికి అటువైపూ మెల్లగా లేచింది. "మీరిది ఇంతకుముందు చేశారు."

"నాలుగేళ్ళయింది మానేసి" అన్నాను. నాలుగేళ్ళూ ఏ ఫోన్లోనూ ఎవరికీ చెప్పని మాట అది.

తర్వాత నా రెండు ప్రశ్నలూ అడిగాను. ఆవిడ దాచలేదు. స్థలం ఉంది, విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. వైద్య మండలి గుర్తింపు ఇంకా రాలేదు. అది లేకుండా పట్టా ఇస్తే ఇక్కడ దాంతో వైద్యం చేయనివ్వరు, కాబట్టి అదొచ్చేదాకా ఒక్క విద్యార్థిని కూడా చేర్చుకోరు. వచ్చే ఏడాది కావచ్చు, ఆ పై ఏడాది కావచ్చు.

"ఫిజియోథెరపీ చదివినవాళ్ళని తీసుకుంటారా?"

"అర్హతలు ఇంకా రాయలేదు. రాసేటప్పుడు మీలాంటివాళ్ళ సంగతి అడుగుతాను. మాట మాత్రం ఇవ్వలేను."

బయట రామయ్య అంకుల్ చెయ్యి పైకెత్తి చూపించి, "బాగుంది. కాలేజీ తెరిస్తే చెప్పు, మా ఆవిణ్ణి పంపుతా, పోటీ పెడదాం" అని బేరం కోసం వెళ్ళిపోయాడు. నేను బస్సు కోసం ఆగకుండా ఆ ఎర్రమట్టి వెంబడి నడిచాను. వానకి బూట్ల అచ్చులు నీళ్ళతో నిండి ఉన్నాయి. ఇక్కడ తరగతి గది, ఇక్కడ మెట్లు అని నాకు నేనే కట్టుకుంటూ పోయాను. ఊరి మీద బెంగ నాకు పరిచయమే, పండక్కొస్తుంది, పోతుంది. ఇంకా పుట్టని చోటు మీద ఇంత బెంగ పడొచ్చని మాత్రం ఆ రోజే తెలిసింది.

సోమవారం మేనేజరుతో ఏడాదికే సంతకం పెడతానన్నాను. "అందరూ మూడేళ్ళు అడిగే రోజుల్లో తగ్గించమంటావా? మంచి ప్రాజెక్టు వేరేవాళ్ళకి పోతుంది" అన్నాడు. పోనివ్వండి అన్నాను. ఏడాదిలో ఆ గుర్తింపు రాకపోవచ్చు. వచ్చినా అర్హతల్లో నేను లేకపోవచ్చు. అప్పుడేం చేస్తావే అని రజని అడుగుతూనే ఉంది. నా దగ్గర అంకుల్ వీపు కుడివైపు నా అరచేతి కింద మెల్లగా లేచిన ఆ క్షణం ఉంది, అంతే.

మీలో ఎవరైనా ఇలాంటి సభకి వెళ్తే ఒక్క సలహా: ముందురోజే గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి. గోళ్ళు పెరిగినవాళ్ళని బల్ల దగ్గరికి రానివ్వరు, వాళ్ళు చూసి రావాల్సిందే. ఉట్టినే చూసి రావడానికైతే అంత దూరం వెళ్ళక్కర్లేదు.