మగ్గం కాయ

మా ఇంట్లో మగవాళ్ళకు మడమ వెనక, పిక్క నుంచి దిగే తాడులాంటి నరం మీద గట్టి ఉబ్బు ఒకటి ఉంటుంది. మా తాతకు ఉండేది, నాయనకు ఉండేది. ఎమ్మిగనూరులో ఇప్పటికీ గుంట మగ్గం మీద చీరలు నేసే మా అన్నకు ఉంది. మగ్గం తొక్కి తొక్కి కాసిన కాయ అనేవాళ్ళు అందరూ. నాయన దాన్ని పతకంలా చూపించుకునేవాడు. తల పూర్తిగా నెరవకముందే, ఒక మధ్యాహ్నం మగ్గం మీదే గుండె పట్టుకుని ఒరిగిపోయాడు.

తమాషా ఏమిటంటే ఆ కాయ నాకూ కాసింది. ఆదోనిలో తెలుగు పంతులుగా సుద్దముక్క కంటే బరువైనది ఎత్తనివాణ్ణి. కాయకష్టం లేకుండానే కాయ! నేత నా రక్తంలోనే ఉందని మురిసిపోయాను.

“బోర్డు తుడిస్తే గూడా కాయ కాస్తాదేమిరా?” అని అన్న ఎగతాళి చేసేవాడు.

కొత్త చెప్పుల పట్టీ ఒరుసుకుని పుండు పడితే ఆదోనిలోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె పుండును వదిలేసి ఉబ్బును నొక్కి చూసింది. కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి గీత చూసింది. నాయన ఎలా పోయాడో, ఇంట్లో ఇంకెవరికి ఈ ఉబ్బు ఉందో అడిగింది. రక్తపరీక్ష చేయించింది.

“ఇది కాయ కాదు సార్, కొలెస్ట్రాలు.”

నాకు కొవ్వెక్కిందని అన్న ఎప్పటినుంచో అంటున్నాడు. ఇప్పుడు ల్యాబువాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

“పత్తి సీజన్లో మార్కెట్ యార్డు ముందర లారీలు చూసినారు కదా?” అంది ఆమె. “కొలెస్ట్రాలు అట్లనే మూటలు కట్టుకొని రక్తంలో తిరుగుతాది. విషమేమీ కాదు, కణాలకు కావాల్సిందే. మిగిలింది లివరు గేటు తీసి దింపుకోవాల. మీ ఇంట్లో పుట్టుకతోనే సగం గేట్లు పనిచేయవు. సరుకు రోడ్డు మీదే నిలిచిపోతాది. రక్తనాళం గోడలో ఇరుక్కొని, గాలి తగిలిన పాత నూనె మాదిరి చెడిపోతాది.”

“చెడిపోతే?”

“ఊడ్చే కణాలు వచ్చి మింగుతాయి. చాలు అనేదే తెలీదు వాటికి.”

పెళ్ళి భోజనాల్లో నేను గుర్తొచ్చి తల వంచుకున్నాను.

“మింగింది వాటికి అరగదు. ఖాళీ బండ్లు కొన్ని వచ్చి ఎత్తుకొనిపోయి లివరుకు చేరిస్తే, అది పైత్యరసంలో కలిపి బయటికి తోలేస్తాది. పోయేదానికంటే వచ్చేది ఎక్కువైతే ఆ కణాలు ఉబ్బి ఆడనే కూలబడతాయి. మడమలో అయితే ఉబ్బు. గుండె నాళంలో అయితే… ముందు మీ అన్నను పిలుచుకొని రండి.”

అన్న అప్పటికి నాయన పోయిన వయసుకు దగ్గర పడుతున్నాడు.

ఎమ్మిగనూరు బస్సులో లారీలు, గేట్లు, బండ్లు అన్నీ వల్లె వేసుకుంటూ పోయాను. అన్న పేక దారం మోసే నాడెను అటూ ఇటూ విసురుతూనే విన్నాడు.

“నాయన ఇచ్చిన కాయరా ఇది. దీన్ని జబ్బంటావా? పోరా, పోయి పిల్లోళ్ళకు సెప్పుకో నీ పాఠం.”

నా పాఠం మధ్యలో లేచిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, కూర్చున్నచోటు నుంచే నన్ను పంపేసినవాడు ఇతనొక్కడే. చెప్పు విడిచి, గుంట అంచున నా పాదం పెట్టాను.

“అయితే నేనేం నేసినానని నాకు కాసింది?”

నాడె ఆగింది. కాలేజీకి పోయే అన్న కూతురు గడపలోంచి వచ్చి, నా పక్కన తన పాదం పెట్టింది. ఆ పిల్ల ఏనాడూ మగ్గం ఎక్కలేదు. మడమ మీద చింతగింజంత ఉబ్బు.

అన్న దాన్ని బొటనవేలితో తడిమి చూశాడు.

“నీకెప్పుడు వచ్చిందమ్మా ఇది?” అంటూ గుంటలోంచి లేచాడు. “ఆదోనికి బస్సు ఎన్నింటికిరా?”

ముగ్గురికీ అదే జబ్బని తేలింది. అన్న గుండె నాళంలో ఒకచోట దారి దారమంత సన్నబడింది. కర్నూలులో స్టెంటు వేశారు. ఆ తర్వాత ముగ్గురికీ మాత్రలు. అవి లివరు సొంత తయారీని తగ్గిస్తాయట. సరుకు చాలక అది పనిచేసే గేట్లనే ఇంకా ఎక్కువగా పెట్టుకుని, రక్తంలోది దింపుకుంటుందట. మా లివర్లకు ఇన్నాళ్ళకు ఆకలి పుట్టింది.

నాయన దాటలేని వయసును అన్న దాటి కొన్నేళ్ళయింది. పిల్ల మడమ నున్నగా ఉంది. అన్న ఉబ్బు కరుగుతోంది, దాంతోపాటు ఫిర్యాదు పెరుగుతోంది.

“ఇంగ నన్ను నేతగాడంటే ఎవరు నమ్ముతారురా?”

మొన్న పోయినప్పుడు నన్ను గుంటలోకి దింపాడు. “నీ దొంగ కాయ గూడా పోతాంది కదా. దిగు. ఈసారి కష్టపడి కాయించుకో.”

కాళ్ళ కింది చెక్క తొక్కాను, నాడె విసిరాను. అది పడుగు పోగులు తెంపుకుని, మా వదిన నీళ్ళ బిందెలో పడింది. అన్న గోడకు ఆనుకుని ఛాతీ అదిరేలా నవ్వాడు. ఆయాసం రాలేదు. చెయ్యి గుండె మీదికి పోలేదు. నవ్వుతూనే ఉన్నాడు. తెగిన పోగులు ముడివేసుకుంటూ ఆ నవ్వు ఆగేదాకా విన్నాను.